రెవెన్యూ మంత్రి ప్రకాశం వేసిన దావా

ఈ ఆగస్టు 23న మధ్యాహ్న భోజన విరామంలో మా న్యాయవాదుల సంఘం హాలులో టంగుటూరి ప్రకాశం పంతులు గారి జయంతి జరుపుకున్నాం. పటానికి పూలదండ వేశాక ఒక సీనియర్ న్యాయవాది నలభై నిమిషాలు మాట్లాడారు. మద్రాసులో తుపాకీ ఎదుట ఆయన రొమ్ము చూపి నిలబడిన ఘట్టాన్ని కళ్ళకు కట్టినట్టు చెప్పారు. లక్షలు ఆర్జించిన బారిస్టరు చివరి రోజుల్లో చేతిలో పైసా లేకుండా బతికిన సంగతి చెబుతున్నప్పుడు ఆయన గొంతు పూడుకుపోయింది, మాకూ కళ్ళు చెమర్చాయి. సభ ముగిసి మెట్లు దిగుతుండగా నా జూనియర్, పోయిన ఏడాదే ఎన్‌రోల్ అయిన అమ్మాయి, "మేడం, ఆయన 1937లో రెవెన్యూ మంత్రి అయ్యారని కరపత్రంలో ఒక్క లైను ఉంది. మంత్రిగా ఏం చేశారు?" అని అడిగింది.

"జమీందారీల మీద ఒక కమిటీకి అధ్యక్షత వహించి నివేదిక ఇచ్చారు" అన్నాను.

"అంతేనా మేడం?"

ఆ "అంతేనా" నన్ను చాలా రోజులు వదల్లేదు. నేను వెంకటగిరి జమీందారీ కిందున్న ఒక ఊళ్ళో పుట్టాను. పాతికేళ్ళుగా సివిల్ కోర్టులో చేస్తున్న కేసుల్లో సగం భూమి తగాదాలే. ఎస్టేట్ గ్రామం (ఒకప్పటి జమీందారీ ఊరు) అన్న మాట వినని వారం ఉండదు. అయినా ఆ నివేదికను నేను ముక్కలుముక్కలుగా తప్ప వరసగా చదివి ఉండలేదు. జిరాక్సు ప్రతి సంపాదించి, దసరా సెలవుల్లో కూర్చుని చదివాక నాకొక అభిప్రాయం ఏర్పడింది. ప్రకాశం గారు 1921లో వకాల్తాలు మానేశారన్నది నిజమే గానీ, ఆయన జీవితంలోకెల్లా గొప్ప న్యాయవాద కృషి ఆ తరవాత పదహారేళ్ళకు, మంత్రి కుర్చీలో కూర్చుని చేసినది. ఛాతీని తలచుకున్నన్నిసార్లు మనం ఆ వాదనను తలచుకోలేదు. ఇది ఆయనకు జరిగిన అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఈ అభిప్రాయానికి ఎదురు నిలిచే సంగతులు కూడా అదే నివేదికలో ఉన్నాయి కాబట్టి వాటితో సహా రాస్తున్నాను.

ప్లీడరు నుంచి మంత్రి దాకా

ఒంగోలులో తల్లి నడిపిన పూటకూళ్ళ ఇంటి గురించి, ఇమ్మనేని హనుమంతరావు నాయుడు గారి చేయూత గురించి అందరికీ తెలుసు కాబట్టి వాటి జోలికి వెళ్ళను. న్యాయవాదిగా ఆయన ఎక్కిన మెట్లు మాత్రం ఈ వ్యాసానికి అవసరం. సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా రాజమండ్రిలో పేరు తెచ్చుకుని, అక్కడే మునిసిపల్ ఛైర్మన్ అయి, 1904లో ఇంగ్లండు వెళ్ళి 1907లో బారిస్టరుగా తిరిగి వచ్చి మద్రాసు హైకోర్టులో నిలదొక్కుకున్నారు. 1911 నాటి ఆష్ హత్య కేసులో నిందితుల తరఫున నిలబడిన న్యాయవాదుల్లో ఆయనా ఒకరు. ఒక బ్రిటిష్ కలెక్టరును కాల్చి చంపిన కేసులో, ఆంగ్ల న్యాయమూర్తి ఉన్న ధర్మాసనం ఎదుట, నిందితుల పక్షాన నిలబడటానికి ఎంత ధైర్యం కావాలో మా వృత్తిలో ఉన్నవాళ్ళకు వివరించనక్కరలేదు. తుపాకీ ముందు నిలబడిన ధైర్యానికి పునాది ఇక్కడే ఉందని నా ఊహ.

కిందికోర్టు ప్లీడరుగా మొదలుపెట్టి హైకోర్టు బారిస్టరు అయినవాడికి ఒక ప్రయోజనం ఉంటుంది. శిస్తు దావా మునసబు కోర్టులో ఎలా నలుగుతుందో, అదే దావా అప్పీలుకు వచ్చేసరికి రైతు గోడు పోయి చట్టపు ప్రశ్న మాత్రమే ఎలా మిగులుతుందో రెండూ కళ్ళారా చూస్తాడు. ఆ రోజుల్లో మద్రాసు హైకోర్టు న్యాయవాదులకు పెద్ద రాబడి జమీందారీల వారసత్వ దావాల నుంచి వచ్చేది. పిఠాపురం కేసులను హిందూ ధర్మశాస్త్రం చదివిన ప్రతి విద్యార్థీ ఈనాటికీ చదవవలసిందే. దత్తత చెల్లుతుందా, ఎస్టేటు విభాగానికి లోబడుతుందా వంటి ప్రశ్నల మీద తరాల తరబడి మేధావులైన వకీళ్ళు తమ బుద్ధిని ధారపోశారు. ఆ ఎస్టేటులో దున్నుతున్నవాడికి ఏ హక్కు ఉంది అన్న ప్రశ్న మీద అంత మేధస్సు ఖర్చు కాలేదు. ఆ లోటును పూడ్చే అవకాశం ప్రకాశం గారికి వకీలుగా కాక మంత్రిగా వచ్చింది.

1937లో కొత్తగా వచ్చింది ఏమిటి

1937 జులైలో రాజాజీ నాయకత్వాన ఏర్పడిన పదిమంది మంత్రుల్లో న్యాయవాదులకు కొదవ లేదు. రాజాజీ స్వయంగా సేలంలో పేరున్న వకీలు. బొబ్బిలి రాజా గారిని ఎన్నికల్లో ఓడించి వచ్చిన వి.వి. గిరి గారు డబ్లిన్‌లో చదివిన బారిస్టరు. కాబట్టి ఒక వకీలు మంత్రి కావడం వింత కాదు. ప్రకాశం గారికి దక్కిన శాఖ గురించి మాత్రం మనం ఆలోచించాలి. అంతకుముందు పదహారేళ్ళు సాగిన ద్వంద్వ ప్రభుత్వంలో విద్య, ఆరోగ్యం, స్థానిక పాలన వంటివే మంత్రులకు ఇచ్చి, భూమి శిస్తును గవర్నరు తన కౌన్సిలు సభ్యుల దగ్గరే ఉంచుకున్నాడు. శాసనసభలో 215 స్థానాలకు 159 గెలుచుకున్న కాంగ్రెస్ పక్షం తరఫున ఒక మనిషి వచ్చి రెవెన్యూ ఫైళ్ళు తెరవడం ఈ రాష్ట్రం అప్పుడే మొదటిసారి చూసింది.

ఫైళ్ళు తెరవడం వేరు, చట్టం చేయడం వేరు. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టంలో 299వ సెక్షన్ అనే ఒక తాళం ఉంది. భూమిలో హక్కులను తొలగించే లేదా మార్చే ఏ బిల్లునైనా, శిస్తుకు సంబంధించిన హక్కులతో సహా, గవర్నరు ముందస్తు అనుమతి లేకుండా శాసనసభలో ప్రవేశపెట్టడానికి వీల్లేదు. జమీందారీని ఒక్క కలంపోటుతో రద్దు చేయమని సభల్లో నినదించడం తేలికే. రైతు సంఘాలు నినదించాయి కూడా, అందుకు వాళ్ళకు న్యాయమైన కారణాలే ఉన్నాయి. మంత్రి కుర్చీలో ఉన్నవాడు ఆ మాట అన్న క్షణం నుంచీ తాళంచెవి గవర్నరు చేతిలో ఉంటుంది.

ఇక్కడే నాకు ప్రకాశం గారిలోని వకీలు కనిపిస్తారు. ఆయన అధ్యక్షతన పనిచేసిన ఎస్టేట్ భూముల చట్టం విచారణ కమిటీ నివేదిక జమీందారు హక్కును తీసేద్దాం అన్న దగ్గర మొదలుకాదు. జమీందారుకు ఏ హక్కు ఇచ్చారో ముందు చూద్దాం అన్న దగ్గర మొదలవుతుంది. ఈ తేడాను చిన్నదిగా చూడకూడదు. మొదటి దారిలో వాది ప్రభుత్వం, ఆస్తి పోగొట్టుకునేవాడు జమీందారు, రుజువు భారం మనమీద. రెండో దారిలో ఆస్తి పోగొట్టుకున్న వాది రైతు, ఆక్రమించినవాడు జమీందారు, దస్తావేజు చూపవలసిన భారం అతనిమీద పడుతుంది. దావాలో పక్షాలను ఇలా మార్చి నిలబెట్టడం చేయి తిరిగిన న్యాయవాదికే చేతనవుతుంది. 299వ సెక్షన్‌ను దృష్టిలో ఉంచుకునే ఆయన ఈ దారి తొక్కారన్నది నా ఊహే. ఆ తాళం కథ తెలిసిన బారిస్టరు దాన్ని మరిచి ఇన్ని వందల పేజీలు రాశారంటే మాత్రం నమ్మలేను.

తొమ్మిదో సెక్షన్

నివేదికలో నన్ను ఎక్కువసేపు ఆపిన భాగం 1802 నాటి రెండు రెగ్యులేషన్ల (కంపెనీ పాలన నాటి శాసనాల) గురించిన చర్చ. 25వ రెగ్యులేషన్ శాశ్వత పరిష్కారం చేసింది, అంటే జమీందారు సర్కారుకు కట్టవలసిన పేష్కషును ఎప్పటికీ పెరగకుండా నిలిపింది. ఇది చరిత్ర పాఠంలో అందరం చదివిందే. అదే ఏడాది వచ్చిన 30వ రెగ్యులేషన్, పట్టా రెగ్యులేషన్, మన పాఠాల్లో కనిపించదు. జమీందారు రైతుకు పట్టా ఇవ్వాలి, రైతు ముచ్చిలికా (శిస్తు కడతానన్న ఒప్పందపత్రం) రాసివ్వాలి అని చెప్పే ఆ శాసనంలో తొమ్మిదో సెక్షన్ ఒకటుంది. శిస్తు రేటు మీద గాని, పంటలో పాలు (వాటా) మీద గాని తగాదా వస్తే, శాశ్వత జమ (పేష్కషు) నిర్ణయించడానికి ముందటి సంవత్సరంలో ఆ సాగుభూముల్లో నడిచిన రేటును బట్టి తీర్పు చెప్పాలని దాని సారాంశం.

ఈ సెక్షన్‌ను పట్టుకుని ప్రకాశం గారు కట్టిన వాదన ఇది. శాశ్వతంగా నిలిపింది జమీందారు కట్టే పేష్కషును మాత్రమే కాదు, రైతు కట్టే శిస్తును కూడా. భూమికి యజమాని మొదటినుంచీ రైతే. జమీందారు శిస్తు వసూలు చేసి, అందులో తన భాగం ఉంచుకుని, మిగతాది సర్కారుకు జమకట్టే మధ్యవర్తి. ఒక కొసను కట్టేసి రెండో కొసను జమీందారు చేతిలో వదిలేశారని నూట ముప్ఫయి ఏళ్ళుగా అనుకుంటూ వచ్చాం గానీ, శాసనం రెండు కొసలనూ కట్టేసింది. కాబట్టి 1802 నాటి రేటుకు మించి వసూలు చేస్తున్నదంతా చట్టవిరుద్ధం, ఇప్పుడు చేయవలసింది ఉన్న హక్కును ప్రకటించడమే.

గాలిలోంచి తీసిన వాదన కాదు ఇది. రైతు జమీందారు దయవల్ల సాగుచేస్తున్న ఏడాది కౌలుదారు కాడని, అతని హక్కు జమీందారు ఇచ్చినది కాదని మద్రాసు హైకోర్టు 1897 నాటి వెంకటనరసింహనాయుడు, దండమూడి కోటయ్య కేసులోనే చెప్పింది. ఈ తీర్పును మా సీనియర్ నాకు మొదటి ఏడాదిలోనే చదివించారు. జమీందారు మీద నిలిచి గెలిచిన ఆ రైతు పేరు ఈ దేశపు భూమి చట్టాల చరిత్రలో నిలిచిపోవడం నాకు అప్పుడూ ఇప్పుడూ గర్వంగానే ఉంటుంది. 1908 నాటి ఎస్టేట్ భూముల చట్టం ఆ హక్కును గుర్తించింది గానీ, ధాన్యం ధరలు పెరిగాయన్న కారణంతో శిస్తు పెంచమని జమీందారు దావా వేసే దారిని తెరిచే ఉంచింది. ఒక చేత్తో హక్కు ఇచ్చి, ఇంకో చేత్తో ఆ హక్కు వెల పెంచుకునే వీలిచ్చిన చట్టం అది. ప్రకాశం గారు తొమ్మిదో సెక్షన్‌ను తవ్వితీసింది ఈ రెండో చేతిని పట్టుకోవడానికి.

నివేదిక చదవడం సులువు కాదని ఒప్పుకోవాలి. పాత రెగ్యులేషన్లు, రెవెన్యూ బోర్డు ఉత్తరాలు, మన్రో వంటి అధికారుల మినిట్లు (రాతపూర్వక అభిప్రాయాలు) పేజీలకు పేజీలు ఎత్తి రాశారు. ఒకే మాట నాలుగు చోట్ల వస్తుంది. మా జూనియర్ రెండు అధ్యాయాలు చదివి, "ఇదేమిటి మేడం, అప్పీలు కాగితాల కట్టలా ఉంది" అంది. ఆ అమ్మాయి సరిగ్గానే పోల్చింది. ప్రతి వాక్యానికీ కింద ఒక దస్తావేజు పెట్టాలి, లేకపోతే ఎదుటి వకీలు దాన్నే పట్టుకుంటాడు అన్న జాగ్రత్త అందులో అడుగడుగునా ఉంది. ఎదుటి వకీళ్ళు ఎవరో ఆయనకు తెలుసు. ఒకప్పుడు తనతో పాటు అదే హైకోర్టు బార్‌లో కూర్చున్నవాళ్ళు.

నాకు మిగిలిన సందేహాలు

ఇంతవరకూ చెప్పిందే నా అభిప్రాయమైతే వ్యాసం ఇక్కడ ఆపవచ్చు. మూడు సంగతులు నన్ను ఆపనివ్వడం లేదు.

మొదటిది, వాదన బలం. 1802లో చాలా గ్రామాల్లో శిస్తు రూపాయల్లో కాక పంట పాలుగా నడిచేది. పాలు మారకపోయినా ధాన్యం ధర పెరిగితే జమీందారుకు వచ్చే విలువ పెరుగుతుంది. ఆనాటి పాలును ఆనాటి ధరకే రూపాయల్లోకి మార్చి అదే శాశ్వత శిస్తు అంటే, శాసనం చెప్పినదానికంటే ఒక అడుగు ముందుకు వేసినట్టే అవుతుందని అవతలి పక్షం అంటుంది. ఆ పక్షాన నేను వకాల్తా వేసినా ఇదే అంటాను. పైగా, నూట ముప్ఫయి ఏళ్ళ కిందటి రేటు ఏ ఊళ్ళో ఎంతో తేల్చడానికి లెక్కలు ఎక్కడున్నాయి? కమిటీలో కూడా అందరూ ఏకాభిప్రాయానికి రాలేదు. అధికసంఖ్యాకుల నివేదికతో పాటు అసమ్మతి పత్రాలూ వచ్చాయి. ప్రకాశం గారు న్యాయమూర్తిలా రెండు పక్షాలనూ తూచి రాశారని నేను అనలేను. ఆయన ఒక పక్షం తీసుకుని రాశారు, ఆ పక్షానికి అంతకుముందు అంత పెద్ద వకీలు ఎప్పుడూ దొరకలేదు. విచారణ కమిటీ అధ్యక్షుడు వాది తరఫు న్యాయవాది కావడం తగునా అంటే, కోర్టులో తగదు. కానీ మంత్రి న్యాయమూర్తి కాడు. రైతులు ఓటేసి పంపింది తమ మాట చెప్పడానికే. ఈ సమాధానం నాకు తృప్తిగా ఉన్నా, ఇది అందరినీ ఒప్పిస్తుందన్న ధీమా మాత్రం లేదు.

రెండోది నన్ను ఎక్కువ బాధపెట్టేది, కాలం. అదే మంత్రివర్గం రైతుల అప్పుల భారం తగ్గించే వ్యవసాయదారుల రుణ విముక్తి చట్టాన్ని 1938లోనే అమలులోకి తెచ్చింది. జమీందారీ విచారణ 1937లో మొదలై, నివేదిక 1938 చివరికి గాని రాలేదు. శాసనసభలో చర్చ, దానిమీద చట్టం తేవాలన్న తీర్మానం 1939 జనవరిలో జరిగాయి. ఆ అక్టోబరు చివర యుద్ధం కారణంగా మంత్రివర్గమే రాజీనామా చేసింది. అంత పకడ్బందీగా కట్టిన దావా తీర్పు దాకా వెళ్ళకుండానే ఆగిపోయింది. వందల పేజీల దస్తావేజులు పేర్చే బదులు, శిస్తులో ఇంత భాగం తగ్గించాలని పది సెక్షన్ల బిల్లు 1938 వేసవిలోనే పెట్టి ఉంటే? గవర్నరు ఆపేవాడేమో, ఆపితే ఆపాడన్న సంగతైనా దేశానికి తెలిసేది. మా వృత్తిలో ఇలాంటివాళ్ళు ప్రతి కోర్టులోనూ ఉంటారు. కేసును ఎంత అందంగా తయారుచేస్తారంటే, వాదించే రోజుకు వాది కాలం చేసి ఉంటాడు. నేనూ ఒకసారి ఆ తప్పు చేశాను. ఒక వితంతువు మనోవర్తి దావాలో ప్రతి పాత దస్తావేజూ తెప్పించాకే మొదలుపెడతానని రెండేళ్ళు గడిపాను. తీర్పు వచ్చేసరికి ఆమె లేదు. అందుకే ప్రకాశం గారి జాగ్రత్తను మెచ్చుకుంటున్నప్పుడు కూడా నా మనసులో ఒక మూల ముల్లు గుచ్చుకుంటూనే ఉంటుంది. 1939లో మాట వచ్చినా, శిస్తు తగ్గింపు చట్టం 1947లో, ఎస్టేట్ల రద్దు చట్టం 1948లో వచ్చాయి. ఆ ఎనిమిది తొమ్మిదేళ్ళ శిస్తులు కట్టినవాళ్ళు మా ఊరివాళ్ళే.

మూడోదాన్ని ఆఖరున చెబుతాను. అది నా దగ్గరికి వచ్చిన ఒక కేసులోంచి వచ్చింది.

నివేదిక వృథా పోయిందా

1947 నాటి చట్టం శిస్తును 1802 రేటుకు దించలేదు, రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టే ఇరుగుపొరుగు రైత్వారీ గ్రామాల శిస్తు స్థాయికి తగ్గించింది. అంటే ప్రకాశం గారి ప్రధాన సూత్రాన్ని చట్టం అంగీకరించలేదు. దాన్ని బట్టి నివేదిక చరిత్రలో కలిసిపోయిందనే వాళ్ళున్నారు. వాళ్ళను నేను 1948 చట్టంలోని 11వ సెక్షన్ చూడమంటాను. ఎస్టేటు సర్కారు స్వాధీనమయ్యాక, అందులోని ప్రతి రైతూ తన కమతంలోని రైతీ భూములకు (రైతు హక్కు కింద ఉన్నవాటికి) రైత్వారీ పట్టా పొందడానికి అర్హుడని ఆ సెక్షన్ చెబుతుంది. రైతు దానికి వెల చెల్లించనక్కరలేదు. జమీందారుకు నష్టపరిహారం ఇస్తే సర్కారు ఇస్తుంది. ఉత్తరప్రదేశ్‌లో జమీందారీ రద్దయినప్పుడు రైతు పూర్తి హక్కులు పొందాలంటే శిస్తుకు పది రెట్లు కట్టవలసి వచ్చిన సంగతి దీని పక్కన పెట్టి చూడండి. తనదైనదాన్ని ఎవరూ కొనుక్కోరు. రైతే యజమాని అన్న మాట 1938లో ఒక మంత్రి సంతకంతో అచ్చయి, శాసనసభలో చర్చకు వచ్చి, జనం నోళ్ళలో నలిగి ఉండకపోతే, పదేళ్ళ తరవాత ఆ పట్టా ఉచితంగా వచ్చేదా? వచ్చేది కాదని నా నమ్మకం. రైతు ఉద్యమాల పాత్రను తగ్గించడం నా ఉద్దేశం కాదు. వాళ్ళు రోడ్డుమీద అన్న మాటకు ఆయన శాసనభాష ఇచ్చారు.

ఆ బిల్లు నెగ్గేనాటికి ఆయన అధికారంలో లేరు. 1946 ఏప్రిల్‌లో మద్రాసు రాష్ట్ర ప్రధాని (ఇప్పటి మాటలో ముఖ్యమంత్రి) పదవి చేపట్టి, 1947 మార్చిలో సొంత పార్టీవాళ్ళ అవిశ్వాసంతోనే దిగిపోయారు. 1953లో ఆంధ్ర రాష్ట్ర మొదటి ముఖ్యమంత్రి అయి, ఏడాది తిరిగేసరికి మద్యనిషేధం మీద ఒక్క ఓటు తేడాతో ఓడిపోయారు. వీటి గురించి ఎక్కువ రాయదలచుకోలేదు. ఒక్క మాట మాత్రం చెబుతాను. కోర్టులో ఎదుట ఒక న్యాయమూర్తి ఉంటాడు, అతన్ని ఒప్పిస్తే చాలు. పార్టీలో అలా ఒకచోట కూర్చుని వినేవాడు ఉండడు. వందమందిని వందరకాలుగా, రోజూ ఒప్పిస్తూ ఉండాలి. ఆ పనికి కావలసిన ఓర్పు ఆయన స్వభావంలో లేదు. వకాల్తా నేర్పిన విద్య ఆయన్ని గొప్ప రెవెన్యూ మంత్రిని చేసింది, ముఖ్యమంత్రిగా నిలబెట్టలేకపోయింది. రెండూ ఒకే మనిషివి, దాచవలసిన అవసరం లేదు.

ఒక పెద్దాయన తెచ్చిన సంచి

సెలవుల తరవాత నా దగ్గరికి ఒక డెబ్భయి దాటిన రైతు వచ్చారు. పొలం కూతురి పేర రాయిద్దామని వెళితే, ఆ సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందని రిజిస్ట్రేషన్ చేయలేదట. ఎస్టేట్ గ్రామాల్లో ఇది మాకు రోజూ ఎదురయ్యే సమస్య. గుడ్డసంచీలోంచి ఆయన ఒక్కొక్క కాగితం తీసి బల్లమీద పరిచారు. సెక్షన్ 11 కింద వాళ్ళ పెద్దలకు ఇచ్చిన రైత్వారీ పట్టా ఉంది, నకలు కాదు, అసలుదే. దాని అడుగున, మడతల దగ్గర చిరిగిన జమీందారీ శిస్తు రసీదులు, ఒక పాత ముచ్చిలికా.

"అమ్మా, ఇవి మా జేజినాయన పెట్టెలోవి. ఆయన రెండుసార్లు శిస్తు కట్టలేక గొడ్లను జప్తు పెట్టుకున్నోడు. ఈ కాయితాలు మాత్రం పారేయొద్దన్యాడు" అన్నారు.

సెటిల్‌మెంట్ ఫేర్ అడంగల్ (ఏ సర్వే నంబరు ఎవరిదో రాసిన సెటిల్‌మెంట్ లెక్క) నకలుకు దరఖాస్తు పెట్టాం. డైగ్లాట్ రిజిస్టరులో (రెండు భాషల్లో ఉండే భూమి రిజిస్టరులో) కూడా వాళ్ళ జేజినాయన పేరే ఉంది, కాబట్టి ఈ కేసు నిలబడుతుంది. జూనియర్‌కు వరస చెప్పాను: ఫలానా ఎస్టేటు, ఫలానా ఏడాది స్వాధీనం, ఫలానా ఉత్తర్వు కింద పట్టా. రాసుకుంటూ ఆ అమ్మాయి తలెత్తి, "తాతయ్యా, అప్పట్లో ఆ పొలం మీ జేజినాయనే దున్నేవాడా?" అని అడిగింది.

ఆయన కాసేపు ఆలోచించారు. "దున్నేది పాలేర్లమ్మా. మాదిగవాడలో ఒక ఇంటోళ్ళు మూడు తరాలు మా మళ్ళోనే చేసినారు. ఇప్పుడా ఇంటి పిల్లోళ్ళు మద్రాసులో ఉండారు."

నేను దాటవేసిన మూడో సంగతి ఇదే. ప్రకాశం గారి నివేదికలో రైతంటే జమీందారుకు శిస్తు కట్టేవాడు. ఆ రైతు కింద పంటలో పాలుకు చేసిన కౌలుదారు గాని, ఏడాది జీతానికి చేసిన పాలేరు గాని ఆ దావాలో పక్షం కాదు. తొమ్మిదో సెక్షన్ జమీందారుకూ రైతుకూ మధ్య తగాదాను తీర్చేది. మూడోవాడి పేరు అందులో లేదు కాబట్టి, ఆ సెక్షన్ మీద కట్టిన వాదనలోకీ అతను రాలేకపోయాడు. కమిటీకి అప్పగించిన విషయం జమీందారీ రైతు సమస్యే, దానికి అవతలిది అడగడం న్యాయమా అని మీరు అనవచ్చు. ఆ మాటలో పస ఉంది. అయినా, యజమాని ఎవరన్న ప్రశ్నను అంత లోతుకు తవ్విన మనిషి, భూమిని తాకే చేయి ఎవరిదో కూడా అడిగి ఉంటే బాగుండేదన్న కోరిక నాకు పోవడం లేదు. దస్తావేజు ఉన్నచోట వకీలు గొప్పగా పనిచేస్తాడు. దస్తావేజు లేనివాడి తరఫున ఏం వాదించాలో మా చదువు ఇప్పటికీ మాకు సరిగ్గా నేర్పలేదు. ఈ లోటు ప్రకాశం గారి ఒక్కరిది కాదు, మా వృత్తిది కూడా.

ఇది తెలిశాక నా మొదటి అభిప్రాయం మారిందా అంటే, మారలేదు. ఆయన మంత్రిగా చేసిన పని ఒక పెద్ద ప్రజాసమూహం తరఫున ఒక వకీలు చేయగలిగిన పనుల్లో అగ్రగణ్యమైనదనే ఇప్పటికీ అంటాను. వచ్చే ఆగస్టు 23న ఆ నివేదిక మీద ఒక గంట మాట్లాడమని సంఘం కార్యదర్శిని అడిగాను, ఒప్పుకున్నారు. జూనియర్ కూడా ఒక పదిహేను నిమిషాలు మాట్లాడతానంది. పాలేర్ల గురించి మాట్లాడుతుందట. అందుకు ఆధారాలు ఎక్కడ వెతకాలో తెలియక, పోయిన శనివారం మళ్ళీ ఆ పెద్దాయన దగ్గరికి వెళ్ళి వచ్చింది.

కేసు వచ్చే నెల 14కు వాయిదా పడింది. రసీదులు అవసరం లేదు, అడంగల్ నకలు, పట్టా చాలని చెప్పి వాటిని పెద్దాయనకు తిరిగి ఇవ్వబోయాను. "ఫైల్లోనే ఉండనీమ్మా" అన్నారు. ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి, చివరి ఎగ్జిబిట్ తరవాత కట్టాం. జూనియర్ తన నోటుపుస్తకంలో ఆ పాలేరు ఇంటిపేరు రాసి, దాని కింద పొలం సర్వే నంబరు వేసుకుంది.